తిరగని బండికే రోగాలెక్కువ: పాత కారవాన్ల మీద మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పాత కారవాన్ల గురించే, అదే పడుకోడానికి, వండుకోడానికి వీలుగా మార్చుకున్న క్యాంపర్ వ్యాన్ల గురించే ఉన్నాయి, అందుకని ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేస్తున్నా. నా దగ్గరున్నది కూడా అలాంటిదే, 2003 మోడల్ టెంపో ట్రావెలర్. పదేళ్లు స్కూలు పిల్లల్ని తిప్పిన బండి, 2014లో కొని బెజవాడ ఆటోనగర్‌లో సీట్లు పీకించి రెండు మంచాలు, ఒక పొయ్యి గట్టు, వెనకాల నీళ్ల ట్యాంకు పెట్టించుకున్నా. అప్పట్నించి దాని రోగాలన్నీ నాకు తెలుసు, కొన్ని నా వల్ల వచ్చినవే.

మీ ఉత్తరాలన్నీ వరసగా చదివితే ఒకటి కనిపించింది. అందరూ బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాశారు, ఎన్ని నెలలు కదలకుండా నిలబడిందో ఒక్కరూ రాయలేదు. మన కారవాన్ ఏడాదిలో పది నెలలు వేపచెట్టు కిందే ఉంటుంది కదా. రబ్బరు, బ్రేక్ ఆయిల్, బ్యాటరీ, గ్యాస్ పైపు, టాపు మీద వేసిన సీలెంట్, ఇవేవీ కిలోమీటర్లు లెక్కపెట్టుకోవు, సంవత్సరాలు లెక్కపెట్టుకుంటాయి. అందుకే కింద ప్రతి జవాబులోనూ నేను "అది ఎప్పుడు మార్చారు" అని అడుగుతూనే ఉంటా, విసుక్కోకండి.

ప్రశ్న: అన్నా నమస్తే. మాది హన్మకొండ. 2004 మోడల్ ట్రావెలర్‌ని క్యాంపర్ లెక్క చేపించుకున్న. రెండు నెలలు ఇంటి ముంగట నిలబెడితె సాలు, సెల్ఫ్ మంచిగనే తిరుగుతది గని బండి అందుకుంటలేదు. పది పదిహేను సార్లు కొడ్తె అప్పుడు స్టార్ట్ అయితది, ఇగ రోజంత ఏం సమస్య లేదు. కొత్త బ్యాటరీ ఏయించిన, సెల్ఫ్ మోటర్ రిపేర్ చేపించిన, హీటర్ ప్లగ్గులు నాలుగు మార్పించిన, పైసలన్ని ఒడిసినయి. ఇప్పుడు మెకానిక్ డీజిల్ పంపు విప్పాలె అంటున్నడు. ఏం జేయాలె?

జవాబు: పంపు విప్పించకు తమ్ముడూ, ఇప్పుడే వద్దు. సెల్ఫ్ గట్టిగా తిరుగుతోందంటే బ్యాటరీ, మోటర్ రెండూ బాగానే ఉన్నట్టు, ఆ రెండిటి మీద పెట్టిన డబ్బులు దండగే అయ్యాయి. నువ్వు రాయని విషయం ఒకటుంది, సెల్ఫ్ కొడుతున్నప్పుడు సైలెన్సర్‌లోంచి పొగ వస్తోందా రావట్లేదా? ఈసారి ఎవరినైనా బండి వెనకాల నిలబెట్టి చూడమను. తెల్లటి పొగ, డీజిల్ వాసన వస్తోందంటే డీజిల్ లోపలికి చేరుతోంది గానీ మండట్లేదు, అప్పుడు హీటర్ ప్లగ్గులు, వాటి రిలే చూడాలి. పొగే లేదంటే డీజిల్ రావట్లేదు. నువ్వు చెప్పేదాన్ని బట్టి, అంటే ఒకసారి అందుకున్నాక రోజంతా బాగుండటం, మళ్లీ నిలబెడితేనే మొదటికి రావడం, ఇది లైన్లోకి గాలి దూరడమే అని నా నమ్మకం.

మీ బండి వచ్చేనాటికి కంపెనీ పేరింకా బజాజ్ టెంపోనే, 2005లో ఫోర్స్ మోటార్స్ అయింది. ఆ రోజుల మెకానికల్ పంపు ఇంజిన్‌కి ట్యాంకు నుంచి డీజిల్‌ని ఫీడ్ పంపు లాక్కుంటుంది. లాక్కునే వైపు పైపులో సన్నటి పగులుంటే డీజిల్ బొట్టు కూడా బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. అందుకే మెకానిక్ కింద పడుకుని చూసి "ఎక్కడా లీకు లేదు" అంటాడు, ఆయన అబద్ధం చెప్పట్లేదు, నిజంగానే కనపడదు. బండి నిలబడినప్పుడు ఆ సందులోంచి గాలి పోయి, లైన్లో ఉన్న డీజిలంతా మెల్లగా జారి ట్యాంకులోకి వెళ్లిపోతుంది.

నాకిదే జరిగింది 2017లో. ఆటోనగర్‌లో ఒక పెద్దాయన ఫీడ్ పంపుకి ముందు అడుగు పొడవున్న పారదర్శకమైన ప్లాస్టిక్ పైపు తాత్కాలికంగా బిగించి, బండి స్టార్ట్ చేయించి, "ఇటు రా, చూడు" అన్నాడు. డీజిల్లో ఆవగింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి చీమల బారులాగా పోతున్నాయి. ఆయన ట్యాంకు మీదున్న రబ్బరు పైపుని రెండు వేళ్లతో వంచాడు, వంచగానే బుడగలు ఎక్కువయ్యాయి, వదిలితే తగ్గాయి. ఆ పైపు బండితోపాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చిందే, పద్నాలుగేళ్ల రబ్బరు. మీటరున్నర పైపు, నాలుగు క్లాంపులు, అంతే, ఖర్చు మూడంకెల్లో తేలిపోయింది.

కాబట్టి వరస ఇదీ: ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా రబ్బరు పైపులన్నీ కొత్తవి, డీజిల్ ఫిల్టర్ దగ్గర రబ్బరు రింగు, రాగి వాషర్లు కొత్తవి. తర్వాత ఫీడ్ పంపు మీదున్న హ్యాండ్ పంపు కొట్టి గాలి తీసేయించు. రేపు నిలబెట్టి మళ్లీ స్టార్ట్ చేసేముందు హ్యాండ్ పంపు ఇరవై సార్లు కొట్టి చూడు, ఒక్క సెల్ఫ్‌కే అందుకుందంటే రోగం ఇదే అని ఇంకో రుజువు. ఇంకో మాట, కొత్త తరం కామన్ రైల్ డీజిల్ ఇంజిన్లున్న వాళ్లు ఇది చదివి సొంతంగా లైన్లు వదులు చేయొద్దు, వాటిలో ప్రెజర్ వెయ్యి బార్ దాటుతుంది, ఆ సన్నటి ధార చర్మంలోంచి దూరిపోతుంది.

ప్రశ్న: నమస్కారమండి. మాది కాకినాడండి. వర్షాకాలం వస్తే చాలు మా వ్యాన్‌లో మంచం పక్కనున్న ప్లైవుడ్ ఉబ్బిపోయి ముక్కిపోయిన వాసన వస్తుందండి. పోయినేడు టాపు మీద సిలికాన్ కొట్టించామండి, ఆగలేదు. దాని మీద ఇంకోసారి సిలికాన్ కొట్టి డాంబర్ షీటు అంటించామండి, అయినా ఆగలేదు. ఈసారి టాపంతా ఫైబర్ వేయించెయ్యాలా?

జవాబు: ఫైబర్ ఆలోచన కాసేపు పక్కన పెట్టండి. ఇప్పుడు వేయిస్తే లోపలున్న తడిని లోపలే పెట్టి మూత బిగించినట్టు అవుతుంది, కింద రేకు తుప్పు పట్టి ఏడాదిలో చిల్లులు పడుతుంది. సముద్రపు గాలి మీకు ఎలాగూ ఉంది.

పాత బండిని చంపేది నీళ్లేనండి, ఇంజిన్ కాదు. ఇంజిన్ పోతే ఇంకో ఇంజిన్ పెట్టుకోవచ్చు. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ రాస్తా.

నీళ్లు కనపడే చోటు వేరు, దూరే చోటు వేరు. మీ మంచం దగ్గర తడి ఉందని మంచం పైన టాపు మీద సిలికాన్ కొట్టారు కదా, నీళ్లు మూడడుగుల ముందు రూఫ్ వెంట్ దగ్గర దూరి, సీలింగ్ రిబ్బు పట్టుకుని జారి, మంచం దగ్గర కిందికి దిగుతూ ఉండొచ్చు. కనుక్కునే పద్ధతి ఒకటే. ఎండ రోజు చూసుకుని ఒకరు లోపల టార్చి పట్టుకుని కూర్చోవాలి, ఇంకొకరు బయట నీళ్ల పైపు పట్టుకోవాలి. పైనుంచి మొదలుపెట్టకూడదు, పైన పోస్తే మొత్తం తడిసిపోయి ఏదీ తేలదు. కింద నుంచి మొదలుపెట్టాలి: ముందు కిటికీ కింది అంచు, ఒక్కోచోట పది నిమిషాలు, తర్వాత కిటికీ పై అంచు, తర్వాత గట్టర్, ఆఖర్న టాపు మీద వెంట్, సోలార్ ప్యానెల్ బ్రాకెట్ స్క్రూలు, ఏసీ కోసం కోసిన చోటు. లోపలున్న వాళ్లు "ఆగు" అని అరిచిన చోటే మీ లీకు. విసుగు పుట్టే పనే గానీ ఒక పూటలో తేలిపోతుంది. సోలార్ ప్యానెల్ తర్వాత పెట్టించుకున్న వాళ్లకి నూటికి ఎక్కువసార్లు ఆ స్క్రూల దగ్గరే దొరుకుతుంది, నేను చూసిన బళ్లలో.

ఇక సిలికాన్ సంగతి. బాత్రూంలో టైల్స్ మధ్యకి అది మంచిదే. బండి టాపు ఎండకి పొద్దున్నుంచి సాయంత్రానికి సాగి ముడుచుకుంటూ ఉంటుంది, రోడ్డు మీద ఒళ్లంతా మెలితిరుగుతుంది, ఆ అంచుల దగ్గర సిలికాన్ పొరలా ఊడి వస్తుంది. పైగా పాత సిలికాన్ ఉన్నచోట ఏదీ అంటుకోదు, కొత్త సిలికాన్ కూడా. మీరు రెండోసారి కొట్టింది ఆగకపోవడానికి కారణం అదే. పాతదంతా ప్లాస్టిక్ గీకుడు పలకతో, ఓపికగా, రేకు కనపడేదాకా తీసేయాలి. ఆ వెంటో బ్రాకెట్టో పూర్తిగా విప్పి, అడుగున బ్యూటైల్ టేపు (జిగురుగా ఉండే రబ్బరు టేపు) వేసి మళ్లీ బిగించి, చుట్టూ పీయూ (పాలీయూరిథేన్) సీలెంట్ కొట్టించండి. విప్పకుండా పైపైన పూసిన ఏ మందూ నిలవదు. స్క్రూ విప్పినప్పుడు దాని మొన చూడండి, మెరుస్తూ వస్తే అక్కడ నీళ్లు పోలేదు, గోధుమ రంగు పొడి రాలుతూ వస్తే అదే దారి.

ఉబ్బిన ప్లైవుడ్‌ని ఎండబెట్టి వాడుకుందాం అనుకోవద్దండి. స్క్రూడ్రైవర్ మొనతో నొక్కుతూ వెళ్లండి, గుచ్చుకున్నంత మేరా కోసేయాలి. దాని వెనక గ్లాస్‌వూల్ ఉంటే తీసి పిండి చూడండి, తడిసిన బొంతలా ఉంటుంది, అది మళ్లీ ఎప్పటికీ పూర్తిగా ఆరదు. కొత్తది వేసేటప్పుడు ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై అడగండి, మామూలు కమర్షియల్ ప్లైకి దీనికి ధరలో తేడా ఉంటుంది గానీ బండికి కావాల్సింది నాలుగు షీట్లేగా. కోసిన అంచులకి రెండు కోట్లు వార్నిష్ పూయించండి, నీళ్లు ప్లై ముఖంలోంచి కాదు అంచులోంచి తాగుతుంది.

జారుడు తలుపు అడుగున, మెట్టు దగ్గర చిన్న చిల్లులుంటాయి, నీళ్లు పోవడానికి పెట్టినవి. చెట్టు కింద పెట్టిన బళ్లలో ఆకులు, మట్టి చేరి అవి మూసుకుపోతాయి. సైకిల్ పుల్లతో పొడిచి తీసేయండి, ఇప్పుడే.

ప్రశ్న: మేమిద్దరం రిటైరైన టీచర్లం, నెల్లూరు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారవాన్‌లో గ్యాస్ సిలిండర్ మంచం కింది పెట్టెలో పెట్టారు. తలుపులు మూసి పడుకుంటే తెల్లారి లేచేసరికి కొంచెం వాసన వస్తుంది, కిటికీ తీస్తే పోతుంది. రెగ్యులేటర్ మార్చాము. మా వారు ఏమీ కాదంటున్నారు. నాకు భయంగా ఉంది.

జవాబు: టీచరమ్మ గారూ, మీ భయమే కరెక్టు. సరిచేయించేదాకా దయచేసి ఆ సిలిండర్‌ని బండిలోంచి దించేయండి, ఇవాళే.

ఎల్పీజీ గాలికన్నా బరువు. ఇంట్లో కిటికీ తీస్తే కొంత పోతుంది గానీ బండి నేల ఒక గిన్నె లాంటిది, లీకైన గ్యాస్ కిందే నీళ్లలాగా నిలిచిపోతుంది. మీరు పడుకునేది దాని పైనే. పైకి వాసన తక్కువగా ఉందంటే కింద తక్కువగా ఉందని కాదు, పైగా కాసేపు పీలిస్తే ముక్కు అలవాటు పడిపోతుంది కూడా.

సిలిండర్ పెట్టె ఎలా ఉండాలంటే: బండి లోపలికి ఏ సందూ లేకుండా రబ్బరు బీడింగ్‌తో మూసుకుపోవాలి, బయట నుంచి తీసేలా తలుపుండాలి, పెట్టె అడుగున అన్నిటికన్నా పల్లంలో కనీసం రెండంగుళాల చిల్లు నేరుగా రోడ్డు మీదికి ఉండాలి, ఆ చిల్లు సైలెన్సర్‌కి దూరంగా ఉండాలి. లీకైనా కిందికి జారి పోతుంది. మీ మంచం కింది పెట్టెని అలా మార్చడం కుదరకపోతే వెనక తలుపు దగ్గర కొత్త పెట్టె కట్టించడమే నయం.

రెగ్యులేటర్ మార్చానన్నారు, పైపు ఎప్పుడు మార్చారు? నారింజ రంగు సురక్ష పైపు మీద తేదీ అచ్చేసి ఉంటుంది, ఐదేళ్లు దాటితే బాగున్నట్టు కనిపించినా తీసేయాలి. బండిలో అది ఊగుతూ ప్లైవుడ్ చిల్లు అంచుకి రాసుకుంటుంది, ఆ చిల్లు దగ్గర ఒక రబ్బరు గ్రోమెట్ (చిల్లు అంచుకి తొడిగే రింగు) వేయించండి. సబ్బు నురగ పూసి ప్రతి జాయింటు చూడండి, బుడగ పెరుగుతూ ఉంటే అక్కడే. అగ్గిపుల్లతో చూసే వాళ్లున్నారు, ఎవరు చెప్పినా వినొద్దు. బండి కదిలే ముందు సిలిండర్ దగ్గర వాల్వు కట్టేయడం తాళం వేసినంత అలవాటు కావాలి. వాసన గట్టిగా వస్తే లైటు స్విచ్చి ముట్టుకోకుండా దిగిపోయి, దూరం నుంచి 1906కి ఫోన్ చేయండి, అది గ్యాస్ లీకుల ఎమర్జెన్సీ నంబరు.

ఇది మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. 2024 డిసెంబరులో కేరళలో వడకర దగ్గర రోడ్డు పక్కన ఆగిన ఒక కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు, జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరిందని తేలింది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఏసీ కోసం జనరేటర్ వేసుకుని పడుకోవద్దు, చలికి పొయ్యి వెలిగించుకుని పడుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి తల దిండు ఎత్తులో, గ్యాస్ అలారం ఒకటి నేలకి జానెడు పైన పెట్టించండి. రెండూ వేరు వేరు, ఒకటి రెండోదాని పని చేయదు.

ప్రశ్న: కర్నూలు నుంచి. లోపలి లైట్లు, ఫ్యాను, చిన్న ఫ్రిజ్ కోసం పెట్టిన 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఏడాదిన్నరకే పోయింది. లిథియం పెట్టుకుంటే మంచిదా అన్నా? ఆల్టర్నేటర్ వైరు అదే ఉంచి బ్యాటరీ ఒక్కటి మార్చేస్తే సరిపోతుందన్నాడు షాపతను.

జవాబు: సరిపోదు. లిథియం ఎంత ఇస్తే అంత తాగేస్తుంది, పాత ఆల్టర్నేటర్ గంటల తరబడి నిండు లోడు మీద తిరిగి కాలిపోతుంది. మధ్యలో ఆ లోడుని అదుపులో ఉంచే డీసీ టు డీసీ చార్జర్ ఉండాలి. దానికి డబ్బులున్నప్పుడే లిథియం జోలికెళ్లు. బరువు విషయంలో మాత్రం చాలా లాభం, నీ ట్యూబులర్ యాభై కిలోల పైనే ఉంటుంది.

కానీ ముందు పాతది ఎందుకు పోయిందో తెలుసుకోకపోతే కొత్తదీ పోతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ విశ్రాంతిగా ఉన్నప్పుడు 12.7 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం అయిపోయినట్టు. సగం కంటే కిందికి దించి అలాగే నెల రోజులు వదిలేస్తే పలకల మీద సల్ఫేట్ గట్టిపడిపోయి మళ్లీ చార్జి పట్టదు. బండి ఇంటి దగ్గర ఉన్నప్పుడు స్టీరియో గడియారం, ఇన్వర్టర్ స్టాండ్‌బై లైటు ఇవి కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటాయి. బ్యాటరీ నెగటివ్‌కి ఒక ఐసోలేటర్ స్విచ్చి పెట్టి, నిలబెట్టేటప్పుడు తిప్పేయి. చిన్న సోలార్ ప్యానెల్ ఉంటే ఇంకా మంచిది.

వైర్లు కూడా చూడు. వెయ్యి వాట్ల ఇన్వర్టర్ 12 వోల్టుల మీద దాదాపు వంద ఆంపియర్లు లాగుతుంది, ఇంటి వైరింగ్‌కి వాడే తీగలు దానికి చాలవు. ఫ్యూజు ఇన్వర్టర్ దగ్గర కాదు, బ్యాటరీ పక్కనే ఉండాలి, ఎందుకంటే వైరు మధ్యలో ఎక్కడ రేకుకి తగిలినా కరెంటు ఇచ్చేది బ్యాటరీనే. నిలబెట్టిన బండిలో ఎలుకలు దూరి ఇన్సులేషన్ కొరికేస్తాయి, ఏడాదికోసారి పరుపులు, సీటు పెట్టెలు ఎత్తి టార్చి వేసి చూడక తప్పదు.

ప్రశ్న: అమెరికాలో టెక్సస్, ఇర్వింగ్ నుంచి రాస్తున్నానండీ. నా దగ్గర 1987 ఫోక్స్‌వ్యాగన్ వానగాన్ వెస్ట్‌ఫేలియా ఉంది. ఎండాకాలంలో టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది, థర్మోస్టాట్ మార్చాను, కూలెంట్ నింపాను, అయినా అంతే. మన తెలుగు వాళ్లలో ఈ బండి ఉన్నవాళ్లు తక్కువ, ఎవరిని అడగాలో తెలియక మీకు రాస్తున్నా.

జవాబు: ఈ బండి నేను నడపలేదు, అందుకని కాలిఫోర్నియాలో చాలా ఏళ్లుగా అలాంటిదే వాడుతున్న మన పాఠకుడొకరికి మీ ప్రశ్న పంపించా. ఆయన చెప్పింది ఇక్కడ రాస్తున్నా.

మీది 2.1 లీటర్ల వాటర్‌బాక్సర్ ఇంజిన్, అంటే నీళ్లతో చల్లబడేది, సిలిండర్లు రెండు పక్కలా పడుకున్నట్టు ఉంటాయి. ఇంజిన్ వెనకాల, రేడియేటర్ ముందు, మధ్యలో బండి కిందగా పొడుగాటి పైపులు, మొత్తం 16 లీటర్ల పైనే కూలెంట్ పడుతుంది. మామూలు కారులో పోసినట్టు పైన పోసి మూత పెడితే ముందున్న రేడియేటర్ పైభాగంలో గాలి ఇరుక్కుని కూర్చుంటుంది, మీ సమస్య చాలామటుకు అదే అయ్యుంటుంది. బండి ముందు భాగం అడుగు పైనే ఎత్తి, స్టాండ్ల మీద భద్రంగా నిలిపి, ఇంజిన్‌ని 2000 ఆర్పీఎం దగ్గర ఉంచి, ముందు గ్రిల్ తీసి రేడియేటర్ పైనున్న, గాలి వదిలే బ్లీడర్ స్క్రూ వదులు చేయాలి. గాలి బుస్సుమని పోయి, తర్వాత తుంపర్లు, ఆఖరికి ఆగకుండా ధార వచ్చేదాకా వెనకాల కూలెంట్ పోస్తూనే ఉండాలి, అప్పుడు బిగించాలి. దీనికి ఇద్దరు కావాలి.

కూలెంట్ ఫాస్ఫేట్ లేనిదే వాడండి, ఉత్త నీళ్లు అసలొద్దు. ఈ ఇంజిన్‌కి అల్యూమినియం హెడ్ల (సిలిండర్ల మూతల) దగ్గర రబ్బరు గాస్కెట్ ఉంటుంది, కూలెంట్ పాతబడి దానిలో తుప్పు ఆపే గుణం పోతే హెడ్ అంచు గుంటలు పడి అక్కడినుంచి కారుతుంది. ఉదయాన్నే చల్లటి ఇంజిన్ కింద రెండు వైపులా వంగి చూడండి, తెల్లటి మరకో, ఆకుపచ్చ చుక్కో కనిపిస్తే గాలి తీసినా లాభం లేదు, హెడ్లు దించాల్సిందే. ఎక్స్‌పాన్షన్ ట్యాంకు మూత కూడా పాతదైతే ప్రెజర్ నిలవదు, అది చవకే, ముందు మార్చేయండి.

ఆయన ఫోన్‌లో మూడుసార్లు చెప్పిన మాట ఒకటుంది: పెట్రోల్ పైపులు. ఇంజిన్ వెనక మంచం కిందే ఉంటుంది కదా, ఇంజెక్షన్ రైలు దగ్గర చిన్న చిన్న రబ్బరు పైపులు చాలా ఉంటాయి, అవి గట్టిపడి పగిలితే వేడి ఇంజిన్ మీద పెట్రోల్ చిమ్ముతుంది. ఈ వ్యాన్లు కాలిపోవడానికి పెద్ద కారణం అదే అంటారు. ఎప్పుడు మార్చారో మీకు తెలియకపోతే మార్చలేదనే అనుకోవాలి. ఎస్ఏఈ 30ఆర్9 అని రాసున్న ఇంజెక్షన్ పైపే వేయించండి, కార్బ్యురేటర్ బండి పైపు ఆ ప్రెజర్‌కి ఆగదు. టెంపరేచర్ సంగతి తర్వాత, ముందు ఇది.

ప్రశ్న: వైజాగ్ నుంచి గురువుగారూ. అరకు నుంచి దిగుతుంటే సగం ఘాట్ దాటాక బ్రేక్ పెడల్ మెత్తగా కిందికి పోయింది. కాసేపు ఆపి చల్లారాక మళ్లీ మామూలుగా అయింది. లైనర్లు ఈమధ్యే మార్చాం. ఏమై ఉంటుంది?

జవాబు: బ్రేక్ ఆయిల్ మరిగింది. లైనర్లు వేడెక్కితే పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగదు, మీకు పెడలే మెత్తబడింది, చల్లారాక తిరిగొచ్చింది, కాబట్టి లోపల ఆవిరి బుడగలే. ఆ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ సీసా మూత తీసినప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ అంకె 155 దగ్గరికి పడిపోవచ్చు. రెండేళ్లకోసారి మొత్తం తీసేసి కొత్తది పోసి బ్లీడింగ్ కొట్టించాలి, అంటే లైన్లో గాలి తీయించాలి, బండి ఒక్క కిలోమీటరు తిరక్కపోయినా సరే. పాతది సీసాలోకి తీయించి చూడండి, టీ డికాషన్ రంగులో ఉంటుంది. వీల్ సిలిండర్ కప్పులు కూడా అప్పుడే మార్పించండి.

దిగేటప్పుడు ఎక్కిన గేర్లోనే దిగాలి, ఈ మాట లారీ డ్రైవర్లు ఎప్పట్నించో చెప్తున్నదే. మన బళ్లకి ఇది ఇంకా అవసరం, వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలు, దానికితోడు ప్లైవుడ్, బ్యాటరీలు, మంచాలు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్లో ఇంజిన్ ఆపి దిగే వాళ్లని చూశాను. ఇంజిన్ ఆగితే వాక్యూమ్ పంపు ఆగుతుంది, రెండు మూడు తొక్కులకి పెడల్‌ని తేలిక చేసే బూస్టర్ ఖాళీ, ఆ తర్వాత పెడల్ రాయిలా ఉంటుంది.

టైర్లు కూడా చూసుకోండి. 2019లో సూర్యాపేట దాటాక హైవే మీద నా వెనక టైరు పేలింది, ఇంట్లో వాళ్లందరూ లోపలున్నారు. పైన గాడులు చూస్తే కొత్తదిలా ఉంది, సగం కూడా అరగలేదు, అందుకే నేను దాని గురించి ఆలోచించనే లేదు. పక్కకి తీసి ఆపి, ఆ చిరిగిన టైరుని ఒడ్డున పడేసి చూస్తే పక్క గోడ మీద ఇంగ్లీషులో DOT అని మొదలయ్యే కోడు చివర 3108 అని ఉంది, అంటే 2008లో 31వ వారం. పదకొండేళ్ల టైరు మీద పిల్లల్ని కూర్చోబెట్టి నూట అరవై కిలోమీటర్లు తీసుకొచ్చాను. ఆ నాలుగు అంకెలు అప్పట్నించి ఏ బండి కనిపించినా చూస్తాను. ఆరేళ్లు దాటితే ఏటా చూపించండి, పదేళ్లకి అరగకపోయినా తీసేయండి, స్టెప్నీతో సహా.

పాఠకులు పంపినవి: ఖమ్మం నుంచి ఒక అన్న రాశారు, నెలల తరబడి నిలబెట్టేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంచితే లైనర్ డ్రమ్ముకి అతుక్కుపోయిందట, ఇప్పుడు ఫస్టు గేరులో పెట్టి చక్రాలకి చెక్క దిమ్మలు అడ్డం వేస్తున్నారట. మంచి పద్ధతి. గుంటూరు నుంచి ఒక అక్కయ్య నీళ్ల ట్యాంకు సగం నీళ్లతో వదిలేస్తే నాచు పట్టి కంపు కొట్టిందని, ప్రయాణం అవగానే ట్యాంకు, పైపులు, మోటరు ఖాళీ చేసి మూతలు తీసి ఆరబెడుతున్నామని రాశారు. డీజిల్ ట్యాంకు మాత్రం దీనికి ఉల్టా, నిండుగా ఉంచాలి, ఖాళీ ఉంటే లోపల గాలిలోని తేమ చెమటలా పట్టి నీళ్లు దిగుతాయి.

ప్రశ్న: ఒంగోలు. ఆర్సీలో క్యాంపర్ వ్యాన్ అనే రాసి ఉంది, సొంత వాడకమే. వచ్చే నెలతో 15 ఏళ్లు నిండుతాయి. రెన్యువల్‌కి బండిలో ఏమైనా ముందు చూసుకోవాలా?

జవాబు: సొంత వాడకం బండి కాబట్టి 15 ఏళ్లయ్యాక ఫిట్‌నెస్ చూసి ఐదేళ్లకి పొడిగిస్తారు. లైట్లు, వైపర్లు, హారను, పొగ, హ్యాండ్‌బ్రేక్ మామూలే. చాలామంది మర్చిపోయేది చాసిస్ నంబరు. మట్టి, తుప్పు కింద అది కనపడకుండా పోతుంది, ఇన్‌స్పెక్టర్ దాని మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకోవాల్సి వస్తే అంకెలు పడవు. ముందురోజే గుడ్డకి కిరోసిన్ తడిపి అక్కడ కట్టి గంటసేపు వదిలేసి, పాత టూత్ బ్రష్‌తో మెల్లగా రుద్దండి. గ్రైండరు, ఉప్పుకాగితం తగలనివ్వొద్దు, ఒక్క అంకె చెరిగినా నంబరు మార్చారన్న అనుమానం వస్తుంది. శుభ్రమయ్యాక దాని మీద కాస్త గ్రీజు రాసి వదిలేయండి.